మట్టి ఒప్పుకోని మనిషి

సమాధి దగ్గర ఏమైందని లంబ్రిని అడగలేదు. వంటింటి గుమ్మం పక్కన పీట మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని పప్పులో రాళ్ళు ఏరుతోంది.

కోడలు అర్గిరో లోపలికి వచ్చి సంచి విప్పింది. ద్రాక్షారసం సీసా తీసి బల్ల మీద పెట్టింది. దాని మూత కూడా ఊడలేదు. తెల్ల బట్ట తీసింది. వేసిన మడత వేసినట్టే ఉంది. ఆఖరికి రేకు పెట్టె తీసింది. బల్లకి తగిలినప్పుడు అయిన చప్పుడుకే అది ఖాళీదని తెలిసిపోయింది.

మా మావ్రోలిథిలో ఈ మూడూ ఇంట్లోంచి బయల్దేరాయంటే వాడకుండా తిరిగి రాకూడదు. మనిషి పోయిన మూడో ఏడు ఆడవాళ్ళే వెళ్ళి సమాధి తవ్వుతారు. ఎముకలు ఏరి, ద్రాక్షారసంతో కడిగి, బట్టలో చుట్టి, పెట్టెలో పెట్టి, చర్చి వెనకగదిలో తాతముత్తాతల పక్కన చేరుస్తారు. ఎముకలు శుభ్రంగా, పసుపుపచ్చగా వస్తే దేవుడు క్షమించాడని ఏడుస్తూనే సంతోషిస్తారు.

ఆ పొద్దున అర్గిరో మొగుడు థిమియోస్ ఎముకలు రాలేదు, థిమియోసే వచ్చాడు. కాస్త నల్లబడ్డాడు గాని, ఏ కోటు తొడిగి పడుకోబెట్టారో ఆ కోటుతో, మీసంతో సహా అలాగే ఉన్నాడు.

“అత్తా, ఆయన అలాగే ఉన్నాడు,” అంది అర్గిరో.

లంబ్రిని ఒక రాయి తీసి పక్కన పడేసింది.

“వినబడిందా? చెయ్యి చెయ్యిలాగే ఉంది. గోళ్ళు కూడా ఉన్నాయి. పార పట్టుకున్న ఆడవాళ్ళందరూ పరుగో పరుగు. గోతిలో నేనొక్కదాన్నే మిగిలాను.”

“ఈసారి పప్పంతా రాళ్ళే,” అంది లంబ్రిని. “కొట్టువాడికి బొత్తిగా సిగ్గు లేకుండా పోయింది.”

అర్గిరో వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూలబడింది. గోరింట పెట్టుకున్నట్టు రెండు చేతులకీ ఎర్రమట్టి అంటుకుని ఉంది. కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేదు ఆమెకి.

“నీ మాట వల్లే అత్తా. నువ్వు ఆనాడు వాకిట్లో నిలబడి అన్న మాట వల్లే.”

“నేను చాలా మాటలన్నాను.”

“మట్టి కూడా నిన్ను ఒప్పుకోకూడదు అన్నావు. కన్నకొడుకుని పట్టుకుని అన్నావు. ఊరంతా విన్నది.”

“ఊరికి చెవులున్నందుకు నేనేం చెయ్యను?”

అటువంటి మనిషి లంబ్రిని. రాయికి దెబ్బ తగిలితే నిప్పురవ్వైనా వస్తుంది, ఆమె దగ్గర అదీ రాదు. అలాగని రాతిగుండె అనుకుంటే పొరపాటు. గుండె ఉండబట్టే ఇన్నేళ్ళు పగ మోసింది.

ఆ ఇంట్లో పదకొండేళ్ళు, థిమియోస్ పోయేదాకా, తల్లీకొడుకులకి మాటల్లేవు. ఒకే పొయ్యి, ఒకే బల్ల. ఆమె రొట్టె కాల్చేది, అతను తినేవాడు. ఏదైనా చెప్పాల్సివస్తే మనవరాలి వైపు తిరిగి, “మీ నాన్నతో చెప్పు, గొర్రెలకి ఉప్పు అయిపోయిందని,” అనేది. అతను పక్కనే ఉండేవాడు. అతని చావుకి కూడా ఆమె గది దాటి రాలేదు.

మనవరాలు పొలిక్సెని మెట్ల మీద కూర్చుని ఉంది. టీచరు ఉద్యోగానికి యానినా పట్నంలో చదువుకుంటోంది, తండ్రి ఎముకలు తియ్యడానికి నిన్ననే వచ్చింది. గోతి దగ్గర నుంచి నేరుగా వచ్చి అక్కడే కూర్చుంది.

వీధి తలుపు చప్పుడైంది. పక్కింటి తసూలా.

మా ఊళ్ళో ఎవరింట్లో పాలు పొంగినా తసూలా ముక్కుకి ముందు తెలుస్తుంది. చేతిలో చిన్న గిన్నె, దాని మీద బట్ట. ఆ రోజు చచ్చిపోయినవాళ్ళ శనివారం, ప్రతి ఇంట్లోనూ గోధుమలు ఉడికించి చక్కెర కలిపి పోయినవాళ్ళ పేరు మీద పంచుతారు.

“అర్గిరో, ఊళ్ళో ఏదేదో అంటున్నారు గాని నేను నమ్మలేదమ్మా,” అంది తసూలా. “నమ్మలేదు గనకే అడిగిపోదామని వచ్చాను.”

ఎవరూ కూర్చోమనకపోయినా కూర్చుంది.

“ఇదిగో, మా ఆయన పేరు మీద. మీవాడి పేరు కూడా కలిపి తినొచ్చో లేదో మాత్రం చర్చి అయ్యగారిని ఒకమాట అడగండి. ఎందుకొచ్చిన పాపం.”

“మా నాన్నకేం పాపం అంటుకుంది అత్తా?” అంది పొలిక్సెని మెట్ల మీద నుంచే. “అది బంకమట్టి. కొండవార నీరు నిలుస్తుంది. గాలి చొరబడని చోట ఏదీ కుళ్ళదు.”

“నువ్వు చదువుకున్నదానివి తల్లీ. మాకవన్నీ ఎక్కడ తెలుస్తాయి.”

“పరిశుద్ధుల శరీరం కుళ్ళకపోతే వెండిపెట్టెలో పెట్టి వరసలో నిలబడి ముద్దు పెట్టుకుంటారు. మా నాన్న కుళ్ళకపోతే శాపమా? ఏది ఏదో మీకెలా తెలుస్తుంది?”

తసూలా ఏమాత్రం తడుముకోలేదు.

“పరిశుద్ధుల దగ్గర గంధం వాసనొస్తుందే అమ్మా. మీ నాన్న దగ్గర ఏం వాసనొచ్చిందో పొద్దున పరుగెత్తినవాళ్ళని అడుగు.”

పొలిక్సెని మొహం తిప్పేసుకుంది. ఓదార్చడానికి వచ్చి పుండు మీద కారం చల్లి పోయేవాళ్ళు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు. మా ఊళ్ళో ఆ పని తసూలాది. అర్గిరో చక్కెర లేని కాఫీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. చావింట్లో ఇచ్చే కాఫీ అది. అర్గిరో మొగుడు ఆ పొద్దున రెండోసారి చచ్చిపోయాడు మరి.

కాఫీ సగంలో ఉండగానే అయ్యగారు, పాపా స్తెర్యోస్, వచ్చాడు. ఆయన్ని చూడగానే తసూలా లేచి చెయ్యి ముద్దు పెట్టుకుని, గోడకి దగ్గరగా తప్పుకుంది. వెళ్ళిపోలేదు.

మా అయ్యగారు పెద్ద చదువులు చదివినవాడు కాదు. రాళ్ళు చెక్కి గోడలు కట్టుకునేవాడు, పెళ్ళాం, పిల్లలు, నాలుగు మేకలు. ఊరికి అయ్యగారు దొరక్క, ఉన్నవాళ్ళలో గొంతు బాగున్నవాణ్ణి పట్టుకుని గడ్డం పెంచమన్నారని మావాళ్ళు ఎగతాళి చేస్తారు. గొంతు మాత్రం నిజంగానే బాగుంటుంది. ఆ పూట అది బొంగురుపోయింది. పొద్దుటి నుంచి గోతి ఒడ్డున నిలబడి విడుదల ప్రార్థనలు చదువుతూనే ఉన్నాడు.

“దుప్పటి కప్పి వచ్చాను,” అన్నాడు. “సాయంత్రం గంట కొట్టేలోపు మట్టి వేసెయ్యాలి. ఒకసారి వేశాక మళ్ళీ మూడేళ్ళదాకా ముట్టుకోకూడదు.”

“అయితే మూడేళ్ళు ఆయన గుమ్మం బయటే నిలబడాలా అయ్యగారూ?” అంది అర్గిరో. “దేవుడు లోపలికి రానివ్వడు, నేల తీసుకోదు. ఎక్కడుండాలి ఆయన?”

అయ్యగారు ఆమెని దాటుకుని నడిచాడు. లంబ్రిని ఎదురుగా వచ్చి, కుర్చీ ఉన్నా తీసుకోకుండా, ఆమె కళ్ళకి తన కళ్ళు అందేటట్టు గొంతుక్కూర్చున్నాడు.

“పెద్దమ్మా, రా. ఒక్కసారి వచ్చి, క్షమించానని మూడు మాట్లు అను. తల్లి వేసిన ముడి తల్లే విప్పాలి.”

“ముడి నేను వేశానంటావు.”

“దేవుడు వెయ్యలేదు. ఆయన తండ్రి.”

“తండ్రి అయితే ఆయన్నే విప్పమను. మధ్యలో నేనెందుకు?”

“ఆయన ఎప్పుడో విప్పాడు పెద్దమ్మా.”

“మరి మట్టికి ఎవరూ చెప్పలేదా?”

తసూలా గోడ దగ్గర శిలువ గుర్తు వేసుకుంది. అయ్యగారు గడ్డం నిమురుకున్నాడు. మాటలకి తడుముకున్నప్పుడల్లా అలా చేస్తాడు.

“ఆ తప్పిపోయిన కొడుకు కథ నీకు తెలుసు కదా. ఏటా చదువుతాను. దూరాన కొడుకు కనబడగానే ఆ ముసలాయన పరుగెత్తాడు. ఏం చేశావు, ఎక్కడ తిరిగావు అని అడగలేదు. దేవుడంటే అదమ్మా. ఇంకేం లేదు.”

“ఆ కథలో చిన్నవాడు తిరిగొచ్చాడు స్తెర్యో. నాకూ కొడుకులు ఇద్దరే. పెద్దవాడు చిన్నవాణ్ణి పట్టించాడు. నీ పుస్తకంలో ఆ కథ ఉందా?”

అబద్ధం చెప్పడం చేతకాదు అయ్యగారికి.

“ఉంది పెద్దమ్మా. మొదట్లోనే ఉంది. లోకంలో మొదటి అన్నదమ్ములదే. అన్న తమ్ముణ్ణి చంపేశాడు.”

“ఏం చేశాడు దేవుడు?”

“నీ తమ్ముడేడీ అని అడిగాడు.”

“తరవాత?”

“తరవాత… శపించాడు. నేల నీకు ఇక పండదు అన్నాడు.”

“చూశావా. నేల మాటే ఎత్తాడు. నేను కొత్తగా ఏమన్నాను?”

“ఎవరూ వాణ్ణి చంపకుండా ఒంటి మీద గుర్తు కూడా పెట్టాడమ్మా. చావనివ్వలేదు.”

“నేనూ చావనివ్వలేదు. రోజూ రొట్టె కాల్చి పెట్టాను.”

పళ్ళెంలో పప్పు ఏరడం ఎప్పుడో అయిపోయింది. అయినా ఆమె వేళ్ళు ఊరుకోలేదు, ఏరినవే మళ్ళీ ఏరుతున్నాయి.

“నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేను, నాకు పాఠం చెప్పకు. నేను అడిగినవి చెప్తాను, విను. నా మొదటి పిల్ల జ్వరంతో కాలిపోతుంటే అడిగాను. వినలేదు. కరువులో మా ఆయన్ని వదిలెయ్యమని అడిగాను. వినలేదు. ఈ కొండల్లో మనవాళ్ళే మనవాళ్ళని చంపుకుంటున్నన్నాళ్ళూ నా చిన్నకొడుకు నాసోస్‌ని ఇంటికి చేర్చమని మోకాళ్ళ మీద చర్చి చుట్టూ తిరిగాను. వినలేదు. పుట్టి బుద్ధెరిగి ఆయన నా మాట విన్నది ఒక్కటే. వాకిట్లో నిలబడి అన్నాను చూడు, అదొక్కటి విన్నాడు. ముసలిదాని మాట ఒక్కటి చెల్లింది ఆయన దగ్గర. దాన్నీ వెనక్కి తీసుకోమంటున్నావు.”

పొలిక్సెని మెట్లు దిగి వచ్చింది. పాపం, ఆ పిల్ల మంచికే అంది.

“నాయనమ్మా, నీ మాటకీ దానికీ సంబంధం లేదు. ఒట్టి బంకమట్టి అది. నువ్వేమీ చెయ్యలేదు.”

లంబ్రిని తలెత్తి ఆ పిల్లని చూసింది.

“అంటే అదీ వినలేదంటావు.”

శాపం తగిలిందంటే దేవుడు ఇలాంటివాడా అని భయం, తగల్లేదంటే అసలు వినేవాడే లేడని బెంగ. ఆ ముసలిదాని ముందు ఈ రెండే మిగిలాయి. గుండె గట్టిగా ఉన్నవాళ్ళు కూడా ఆ రెండింటి మధ్య ఎక్కువసేపు నిలబడలేరు.

“నాకు తెలీదు పెద్దమ్మా,” అన్నాడు అయ్యగారు మెల్లగా. “ఎందుకు వినలేదో నాకు తెలీదు. నా చిన్నవాడు పోయినప్పుడు నేనూ అడిగాను.”

ఆ మాట చాలా నెమ్మదిగా వచ్చింది. తసూలా కూడా తల దించుకుంది. అక్కడితో ఆగిపోయి ఉంటే లంబ్రిని మెత్తబడేదేమో, ఎవరు చెప్పగలరు. కాని అర్గిరో ఓపిక అయిపోయింది.

“అన్నీ చెప్పావు అత్తా. తుపాకీ ఎవరి తల మీద పెట్టారో అది కూడా చెప్పు అయ్యగారికి.”

పళ్ళెంలో లంబ్రిని వేళ్ళు ఆగిపోయాయి.

“అర్గిరో. పిల్ల ఉంది.”

“పిల్ల ఉంది గనకే చెప్పమంటున్నాను. పద్నాలుగేళ్ళు నోరు నొక్కుకున్నాను. ఆయన నొక్కుకున్నాడు, నొక్కుకునే పోయాడు. తమ్ముణ్ణి అమ్ముకున్నాడని ఊరు ఉమ్మేస్తే తుడుచుకున్నాడు గాని నోరు విప్పలేదు. ఎందుకు? ఈ పిల్ల వింటుందని. ఇది ఆ బరువుతో బతకలేదని.”

“అమ్మా, ఏంటది?” అంది పొలిక్సెని.

“నీకు అప్పుడు అయిదేళ్ళు. మీ చిన్నాన్న కోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు నిన్ను పొయ్యి దగ్గర నుంచి లాగి వాకిట్లో నిలబెట్టారు. చెవి వెనక తుపాకీ ఆనించారు. నీ తమ్ముడు ఎక్కడున్నాడో చెప్పు, లేకపోతే దీన్ని కాల్చేస్తాం అన్నారు మీ నాన్నతో. ఆయన గడ్డివాము వైపు చెయ్యి చూపించాడు. నోటితో కూడా చెప్పలేదు. చెయ్యి ఇలా ఎత్తాడు, అంతే.”

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

పొలిక్సెని చెయ్యి తనంతట తానే చెవి వెనక్కి వెళ్ళింది.

“చిన్నాన్న నా వల్ల పోయాడా?”

“నీ వల్ల కాదే తల్లీ. నీ కోసం.”

“నన్నెవరు అడిగారు? నాకు బదులు ఇంకొకళ్ళు చావాలని నేనడిగానా?”

అయ్యగారు చటుక్కున తల తిప్పి ఆ పిల్లని చూశాడు. ప్రతి ఆదివారం ఆయన చెప్పే మాటకి ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. మాకు బదులు ఒకడు చచ్చిపోయాడని వినడం మాకు అలవాటైపోయింది, విని ఇంటికెళ్ళి భోంచేస్తాం. ఆ పిల్లకి అది అప్పుడే తగిలింది. తట్టుకోలేకపోయింది.

“పద్నాలుగేళ్ళూ నీకిది తెలుసా నాయనమ్మా?”

“కిటికీలోంచి చూశాను.”

“తెలిసే శపించావా నాన్నని?”

లంబ్రిని అయ్యగారితో మాట్లాడింది, మనవరాలితో కాదు.

“దేవుడు లోకం కోసం కొడుకుని ఇచ్చాడని పాడతావు కదా స్తెర్యో. ఇచ్చాడు, కాదనను. తన కొడుకుని ఇచ్చాడు. వీడు ఇచ్చింది నా కొడుకుని. పైగా ఆయనకి మూడో రోజుకల్లా తిరిగొచ్చాడు. నా వాణ్ణి లోయలో పారేశారు. తవ్వడానికి నాకు గొయ్యి కూడా లేదు. మొహం చూడలేదు. ఎముక చూడలేదు. ఈ బల్ల మీద ఆ పెట్టె ఉంది చూడు, నా నాసోస్‌కి అలాంటి పెట్టె కొనే భాగ్యం కూడా లేదు నాకు.”

“ఆయన నీ కొడుకు కాదా అత్తా?” అంది అర్గిరో. “థిమియోస్‌ని ఎవరు కన్నారు?”

లంబ్రిని పళ్ళెం ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కుంది.

పొలిక్సెని వచ్చి నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏడవలేదు. చిన్నప్పుడు జడ వేయించుకోవడానికి కూర్చున్నట్టే, వీపు ఆమె వైపు పెట్టి కూర్చుంది. మొహం చూసి అడిగే ధైర్యం లేక అలా కూర్చుందని నేననుకుంటాను.

“నన్ను చూసినప్పుడల్లా చిన్నాన్న గుర్తొచ్చేవాడా?”

లంబ్రిని మనవరాలి తల వెనకవైపు చూసింది.

“జడ వేసినప్పుడు,” అంది లంబ్రిని. “చెవి వెనక పాయ తీసేటప్పుడు. ఒక్కో రోజు పాయ వదిలేసి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.”

“అయినా రోజూ వేశావు.”

“నీ జడ నేను వెయ్యకపోతే ఎవరు వేస్తారే. మీ అమ్మ వేస్తే మధ్యాహ్నానికి ఊడిపోయేది.”

అర్గిరోకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, రెండూ మింగేసింది. లంబ్రిని పళ్ళెం పక్కన పెట్టి, మనవరాలి భుజం మీద చెయ్యి మోపి లేచింది.

“నా చెప్పులేవి?”

“ఎక్కడికి పెద్దమ్మా?” అన్నాడు అయ్యగారు.

“చూడ్డానికి. అంటానని చెప్పలేదు. చూస్తాను.”

చర్చి దగ్గర సమాధులకి ఎక్కే దారంతా అయ్యగారు ఒకపక్క, పొలిక్సెని ఒకపక్క పట్టుకున్నారు. మబ్బు పట్టి ఉంది. పొద్దున పరుగెత్తిన ఆడవాళ్ళు మళ్ళీ వచ్చి గోడవార నిలబడ్డారు, తసూలా వీళ్ళకంటే ముందే అక్కడ ఉంది. ఎలా వెళ్ళిందో ఆ దేవుడికే తెలియాలి.

గోతి పక్కన మట్టి కుప్ప, దాని మీద రెండు పారలు. అర్గిరో కిందికి దిగి దుప్పటి తీసింది.

లంబ్రిని ఒడ్డున కూర్చుని కాళ్ళు లోపలికి జార్చింది. వద్దన్నా వినలేదు. ఆ మోకాళ్ళతో ఎలా దిగిందో, కొడుకు పక్కన తడిమట్టిలో చతికిలబడింది. పద్నాలుగేళ్ళ తర్వాత అతని మొహంలోకి చూసింది.

ఆడవాళ్ళు ఏడుపు పాట ఎత్తుకోబోతే అయ్యగారు చెయ్యెత్తి ఆపాడు.

“మీసం నెరవలేదే వీడికి,” అంది లంబ్రిని. “వాళ్ళ నాన్నకి నలభైకే నెరిసిపోయింది.”

కోటు ఛాతీ మీద గుండీలు ఒక బొక్క తప్పి పెట్టి ఉన్నాయి.

“ఎవరు పెట్టారు ఈ గుండీలు?”

“నేనే అత్తా,” అంది అర్గిరో. “చేతులాడలేదు ఆ రోజు.”

లంబ్రిని ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ సరిగ్గా పెట్టింది. ఆమె వేళ్ళకి చూపు కంటే పనితనం ఎక్కువ. అన్నీ అయ్యాక కాలరు సర్దింది. అరచెయ్యి అతని చెంప మీద ఆనించి అలాగే ఉంచింది.

“అను పెద్దమ్మా,” అన్నాడు అయ్యగారు పైనుంచి. “ఇప్పుడు అను.”

“క్షమించాను,” అంది లంబ్రిని.

ఎంత తేలిగ్గా అందంటే అర్గిరోకి నమ్మకం కుదరలేదు. గోడ దగ్గర ఆడవాళ్ళందరూ శిలువ గుర్తు వేసుకున్నారు. పొలిక్సెని మోకాళ్ళ మీద పడిపోయింది.

“క్షమించాను నాయనా.”

అర్గిరో అత్తగారి చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. పద్నాలుగేళ్ళ బరువు ఇంకొక్క మాటతో దిగిపోతుంది. ఆ ఒక్క మాట కోసం అందరూ చూస్తున్నారు.

ఆ మాట రాలేదు.

“ఇంకొక్కసారి,” అన్నాడు అయ్యగారు. “మూడోది.”

“అంటే ఏమవుతుంది స్తెర్యో?”

“విడుదల అవుతాడు. మట్టి తన పని తను చేసుకుంటుంది. మళ్ళీ వచ్చేసరికి శుభ్రంగా ఎముకలు దొరుకుతాయి, అందరిలాగే.”

“ఈ మొహం ఉండదు.”

“ఉండదమ్మా.”

లంబ్రిని వంగి కొడుకు మొహాన్ని ఇంకా దగ్గరగా చూసింది. కొంచెంసేపటికి తల అడ్డంగా ఊపింది.

“అనను.”

“అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను,” అంది అర్గిరో. “రెండు సార్లు అన్నావు. ఇంకా కోపమేనా నీకు?”

“కోపమైతే ఎప్పుడో అనేసేదాన్ని.”

సాయంత్రం గంట మొదలైంది. అయ్యగారి నోట్లో ఏదో ప్రార్థన నడుస్తోంది గాని, అది ఆమె కోసమో తన కోసమో ఆయనకే తెలీదు.

“చిన్నవాడి మొహం నాకు చూపించలేదు మీ దేవుడు,” అంది లంబ్రిని. “వీడిది నేనే చూడలేదు, ఒకే ఇంట్లో ఉండి. ఇప్పుడు కదా చూస్తున్నాను. ఇప్పుడే తీసుకుపొమ్మంటావా?”

“అక్కడ ఆయన బయట నిలబడి ఉన్నాడు అత్తా. గుమ్మం బయట. నీ ఒక్క మాట కోసం.”

“నిలబడనీ. నేనూ బయటే ఉన్నాను.”

అర్గిరో మొహంలో ఉన్న కాస్త వెలుగూ ఆరిపోయింది. గోతిలోంచి పైకెక్కి, మట్టికుప్ప మీద పార అందుకుంది. అయ్యగారు “అర్గిరో” అన్నాడు, ఆమె వినిపించుకోలేదు. పార నిండా తడిమట్టి ఎత్తింది. మొగుడికి ఆ రెండు మాటలైనా దక్కాయి, అవి చాలకపోతే దేవుడే చూసుకోవాలని ఆమె లెక్క.

“జరుగు అత్తా.”

లంబ్రిని జరగలేదు. రెండు చేతులూ కొడుకు మొహం మీద కప్పింది.

“వెయ్యి,” అంది. “నా చేతుల మీద వెయ్యి.”